4డబ్ల్యూడీ ఆర్‌సీ రేస్ ట్రక్: ముందు ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) ఫోర్‌వీల్ డ్రైవ్ రేస్ ట్రక్ చేతికి రాగానే చాలామంది చూపు మోటార్ మీద పడుతుంది. ఇంకాస్త స్పీడు, ఇంకో సెల్ ఎక్కువున్న బ్యాటరీ, మెరిసే అల్యూమినియం పార్టులు కావాలనిపిస్తుంది. ల్యాప్ టైమ్ మాత్రం వాటితో తగ్గదు. నా లెక్కలో డబ్బూ ఓపికా ఖర్చు పెట్టాల్సిన వరస ఇది: టైర్లు, డిఫ్ (డిఫరెన్షియల్, చక్రాలు వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆయిల్, షాక్‌లు, గేరింగ్. మోటార్ సంగతి ఈ నాలుగూ కుదిరాక చూసుకోవచ్చు. చాలాసార్లు అప్పటికి ఆ అవసరమే ఉండదు.

ఫోర్‌వీల్ బండితో ఒక చిక్కు ఉంది. టూవీల్ డ్రైవ్ ట్రక్కుకి తప్పు టైరు వేస్తే మొదటి మలుపులోనే గిర్రున తిరిగి ఆ సంగతి చెప్పేస్తుంది. ఫోర్‌వీల్ అలా చెప్పదు. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి తప్పు సెటప్‌తో కూడా నెట్టుకొచ్చేస్తుంది. ఆ భారం మోటార్ వేడిగానో, అరిగిపోయిన డ్రైవ్‌షాఫ్ట్ పిన్నుగానో, ముందు డిఫ్‌లో రాలిన గేరు పళ్లుగానో కొన్నాళ్లకి బయటపడుతుంది. అందుకే ఈ బండి విషయంలో ట్యూనింగ్, మెయింటెనెన్స్ రెండు వేరు పనులు కావు. రెండు ఆప్షన్ల మధ్య ఎటూ తేలనప్పుడు, విప్పడానికీ శుభ్రం చేయడానికీ ఏది సులువో దానికే నా ఓటు.

ఇక్కడ ఇచ్చే అంకెలు 1/10 స్కేల్ షార్ట్ కోర్స్ ట్రక్కుకి (పికప్ లాంటి పెద్ద బాడీ ఉన్న రేస్ ట్రక్) సంబంధించినవి: 550 సైజు బ్రష్‌లెస్ మోటార్, 2ఎస్ లైపో (రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ). 1/8 ట్రగ్గీకీ (పెద్ద టైర్లున్న బగ్గీ తరహా ట్రక్) పద్ధతి ఇదే. బరువు, టైరు సైజు ఎక్కువ కాబట్టి ఆయిళ్లు మాత్రం ఇంకాస్త చిక్కగా పడతాయి.

టైర్లు: ట్రెడ్ కన్నా కాంపౌండ్ ముఖ్యం

టైరులో ఎంచుకోవాల్సినవి మూడు: ట్రెడ్, రబ్బరు కాంపౌండ్, లోపలి ఫోమ్. కంటికి కనిపించేది ట్రెడ్ కాబట్టి దాన్ని చూసి కొనేస్తాం. కానీ ట్రెడ్ దాదాపు సరిపోయిందంటే, ఆ తర్వాత తేడా అంతా కాంపౌండ్‌లోనే.

ట్రాక్ మీద వదులు మట్టి, దుమ్ము ఉంటే పొడవాటి పిన్నులు దూరదూరంగా ఉన్న ట్రెడ్ కావాలి. పిన్ను ఆ దుమ్ముని చీల్చుకుని కింద గట్టి నేలని అందుకోవాలి. నీళ్లు చల్లి తొక్కిన గట్టి బంకమట్టి ట్రాక్ మీద అవే పొడవాటి పిన్నులు పక్కకి వంగిపోతాయి, బండి తేలుతున్నట్టు పోతుంది. అక్కడ పొట్టి పిన్నులు దగ్గరదగ్గరగా ఉన్నవి, లేదా బార్ ట్రెడ్. రబ్బరు అంటుకుని ట్రాక్ నల్లగా మెరుస్తుంటే దాదాపు నున్నటి టైరే మేలు.

కాంపౌండ్ పేర్లు కంపెనీకొక రకంగా ఉంటాయి. ప్రో-లైన్‌లో ఎం3 అంటే సాఫ్ట్, ఎం4 అంటే సూపర్ సాఫ్ట్. జేకాన్సెప్ట్స్‌లో రంగులు: బ్లూ సాఫ్ట్, గ్రీన్ సూపర్ సాఫ్ట్. ఒక్క జతతో మొదలుపెట్టాలంటే సాఫ్ట్ తీసుకోండి, సూపర్ సాఫ్ట్ వద్దు. ఫోర్‌వీల్ ట్రక్కు బరువుకి సూపర్ సాఫ్ట్ పిన్నులు ఎండకి కాగిన నేల మీద చూస్తుండగానే కరిగిపోతాయి. అయిదు నిమిషాలు నడిపాక టైరు చేతిలోకి తీసుకుని చూడండి. పిన్ను అంచులు కొత్తవాటిలా పదునుగా ఉండి, పైన దుమ్ము పట్టి ఉందంటే ఆ రబ్బరు ఆ నేలకి గట్టిది. అంచులు చిరిగి, పిన్ను మొదట్లో పగుళ్లు కనిపిస్తే మరీ మెత్తనిది.

ఫోమ్ విషయంలో వాదన అక్కర్లేదు, రేసుకి క్లోజ్డ్ సెల్ ఫోమే తీసుకోండి. ఓపెన్ సెల్ ఫోమ్ ధర తక్కువ, కానీ నీళ్లు పీల్చుకుంటుంది, త్వరగా మెత్తబడి ఆకారం పోతుంది. స్పీడులో టైరు బెలూన్‌లా ఉబ్బకుండా ఆపే బలం కూడా దానికి తక్కువే.

ముందే రిమ్ముకి అంటించి అమ్మే టైర్లు కొనాలా, విడిగా కొని అంటించుకోవాలా అంటే, మొదటి సెట్ అంటించినవి కొనండి, తర్వాత మీరే అంటించడం నేర్చుకోండి. పని పెద్దదేమీ కాదు. టైరు లోపలి అంచుని, రిమ్ము గాడిని ఆల్కహాల్‌తో తుడవాలి, ఎందుకంటే కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. టైరు అంచు రిమ్ము గాడిలో చుట్టూ సమానంగా కూర్చుందో లేదో చూసి, పల్చటి సీఏ జిగురు (సూపర్ గ్లూ) చుక్క చుక్కగా వదిలితే అదే లోపలికి పాకుతుంది. ఆరాక బొటనవేలితో సైడ్‌వాల్‌ని చుట్టూ నొక్కి చూడండి. ఎక్కడ సన్నటి నోరు తెరుచుకుంటే అక్కడ ఇంకో చుక్క. రేసు మధ్యలో ఊడే టైరు ఎప్పుడూ ఈ వదిలేసిన చోటు నుంచే ఊడుతుంది.

కొనేముందు రిమ్ము ఆఫ్‌సెట్ చూసుకోవాలి. షార్ట్ కోర్స్ ట్రక్కులు చాలావాటికి 12 మిల్లీమీటర్ల హెక్సే (రిమ్ము కూర్చునే ఆరు పలకల ముక్క) ఉంటుంది, కానీ హెక్స్ సరిపోయినంత మాత్రాన రిమ్ము సరిపోయినట్టు కాదు. ఆఫ్‌సెట్ వేరైతే బండి వెడల్పు మారుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు బాడీకి రాసుకుంటుంది.

సెంటర్ డిఫ్ కావాలా, స్లిప్పర్ క్లచ్ చాలా?

ఫోర్‌వీల్ ట్రక్కు కొనేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ట్రాక్సస్ స్లాష్ 4×4 లాంటి బండి స్లిప్పర్‌తో వస్తుంది. టెక్నో ఎస్‌సీటీ410 లాంటి రేస్ కిట్‌లో ముందు, మధ్య, వెనక మూడు డిఫ్‌లు ఉంటాయి.

స్లిప్పర్ బండిలో ముందు, వెనక ఇరుసులు నేరుగా ఒకదానికొకటి బిగించినట్టే. రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి. స్లిప్పర్ ప్యాడ్లు చేసేదల్లా మోటార్ ఒక్కసారిగా లాగినప్పుడు, లేదా జంప్ నుంచి థ్రాటిల్ మీద దిగినప్పుడు కాస్త జారి ఆ దెబ్బని మింగడం. సెంటర్ డిఫ్‌లో ముందు, వెనక ఇరుసులు వేరువేరు వేగాల్లో తిరగగలవు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా పెద్ద వలయంలో వెళతాయి కాబట్టి ఈ స్వేచ్ఛ ఉంటే బండి తేలిగ్గా తిరుగుతుంది, డ్రైవ్‌షాఫ్ట్‌లు మెలిపడవు.

గతుకులు, జంపులు, వదులు మట్టి ఉన్న ట్రాక్ మీద సెంటర్ డిఫ్‌దే పైచేయి. గతుకులో వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టు దొరకబుచ్చుకున్నప్పుడు పవర్ కొంత ముందుకి జారుతుంది, బండి ఎగిరెగిరి పడదు. నున్నటి, గ్రిప్ బాగా ఉన్న ట్రాక్ మీద, లేదా నేరుగా దూసుకెళ్లడమే పనైతే స్లిప్పర్ బాగుంటుంది. సెంటర్ డిఫ్‌లో థ్రాటిల్ నొక్కగానే బరువు వెనక్కి వెళ్లి ముందు చక్రాలు తేలికవుతాయి, పవర్ వాటికే పారిపోయి ముందు టైర్లు ఉబ్బుతాయి. చిక్కటి ఆయిల్ వేసి ఆ పారిపోవడాన్ని తగ్గించాలి, పూర్తిగా ఆపలేం.

స్లిప్పర్‌కి మెయింటెనెన్స్ తక్కువ: నట్టు సరిచేయడం, ప్యాడ్లు కాలితే మార్చడం. దాన్ని సెట్ చేయడానికి ట్రాక్ మీదే ఫుల్ థ్రాటిల్ కొట్టి వినండి. బయల్దేరేటప్పుడు ఒక అడుగు దూరం సన్నటి బుస్సుమనే చప్పుడు వచ్చి ఆగిపోవాలి. అసలు రాకపోతే బిగువు ఎక్కువ, దెబ్బంతా గేర్లు తింటున్నాయి. చాలా దూరం వస్తుంటే వదులు, ప్యాడ్లు కాలిపోతాయి, ఆ వేడికి పక్కనున్న ప్లాస్టిక్ స్పర్ గేర్ (మోటార్ తిప్పే పెద్ద గేరు) కూడా కరుగుతుంది.

ఇప్పటికే స్లిప్పర్ బండి ఉన్నవాళ్లు సెంటర్ డిఫ్ కిట్ వెంటనే కొనక్కర్లేదు. టైర్లు, షాక్‌లు సరిచేశాక కూడా గతుకుల్లో బండి చేతికి చిక్కకపోతే అప్పుడు కొనండి. కొత్తగా రేసు కోసమే కొనేవాళ్లు మాత్రం మూడు డిఫ్‌లున్నదే తీసుకోండి.

డిఫ్ ఆయిల్: ముందు, మధ్య, వెనక

డిఫ్‌లో వేసేది సిలికాన్ ఆయిల్. దాని చిక్కదనాన్ని సీఎస్‌టీలో (సెంటీస్టోక్స్) కొలుస్తారు. రేసర్లు దీన్ని 5-5-2 అని పొట్టిగా చెప్పుకుంటారు: ముందు 5000, మధ్య 5000, వెనక 2000. షార్ట్ కోర్స్ ట్రక్కుకి మొదలుపెట్టడానికి ఇది చక్కటి అంకె. గ్రిప్ ఎక్కువున్న ట్రాక్‌కి 7-7-3 దగ్గరికి వెళ్లవచ్చు. రెడీ టు రన్ బండ్లు కొన్నిటిలో ఆయిల్‌కి బదులు గ్రీజు ఉంటుంది. అది గేర్లని కాపాడుతుంది కానీ ట్యూనింగ్‌కి లొంగదు, వారం వారం ఒకేలా పనిచేయదు. అలాంటి బండికి కొన్న పార్టులన్నిటికన్నా మూడు సీసాల ఆయిల్ ఎక్కువ మార్పు తెస్తుంది. డిఫ్‌కి సరైన సీల్ ఉండాలన్నది ఒక్కటే షరతు.

ఏది ఎటు మార్చాలన్నది అనుభవంతో తెలుస్తుందంటారు గానీ, దారి ముందే తెలిస్తే సగం రోజు మిగులుతుంది. ముందు డిఫ్ పల్చనైతే థ్రాటిల్ వదిలి మలుపులోకి దిగేటప్పుడు స్టీరింగ్ పెరుగుతుంది. చిక్కనైతే దిగేటప్పుడు బండి నిలకడగా ఉంటుంది, మలుపులోంచి థ్రాటిల్ కొట్టి బయటికి వచ్చేటప్పుడు ముందు చక్రాలు లాక్కొస్తాయి. వెనక పల్చనైతే మలుపు మధ్యలో వెనక టైర్లకి పక్క పట్టు దొరుకుతుంది. వెనక చిక్కనైతే మలుపు దాటాక ముందుకి తోసే బలం పెరుగుతుంది, కానీ జారే నేల మీద తోక ఒక్కసారిగా ఊడుతుంది. మధ్య డిఫ్ చిక్కనైతే బండి దూకుడుగా బయల్దేరుతుంది. పల్చనైతే గతుకుల్లో కుదురుగా పోతుంది, నడపడం సులువు.

ఒకేసారి రెండు డిఫ్‌లు మార్చకండి. మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అలాగే 5000 నుంచి 6000కి వెళ్లి తేడా కోసం వెతుక్కోవద్దు, మధ్య డిఫ్‌లో అది చాలామందికి తెలియనే తెలియదు. 5000 నుంచి 7000కో 10,000కో వెళ్లి చూడండి, దిశ అర్థమవుతుంది.

నింపేటప్పుడు చిన్న గేర్లు మునిగి, మధ్య పిన్ను మీదికి వచ్చేంత చాలు. అంచుదాకా నింపితే వేడికి ఆయిల్ వ్యాకోచించి సీలు తన్నుకుని బయటికొస్తుంది. వంటింటి డిజిటల్ తూకం ఉంటే ఒకసారి డిఫ్‌ని ఖాళీగా, నింపాక తూచి ఆ బరువు రాసి పెట్టుకోండి. తర్వాతిసారి ఆ అంకె దాకా పోస్తే సరి, లేకుంటే ఒకే నంబరు ఆయిల్ వేసినా బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మూత స్క్రూలని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే గ్యాస్కెట్ నలిగి అక్కడే కారుతుంది.

విప్పినప్పుడు ఆయిల్ బూడిద రంగులోకి మారి వెలుతురులో తళుక్కుమంటుంటే అది లోహపు పొడి. షిమ్‌లు (గేర్ల పక్కనుండే పల్చటి రింగులు) అరిగాయేమో, గేర్ల మధ్య పక్క ఆట పెరిగిందేమో చూడండి. బయట రింగ్ గేర్, పినియన్ కలిసేచోట మాత్రం ఆయిల్ కాదు, గ్రీజే వేయాలి.

షాక్‌లు

షాక్ ఆయిల్‌ని కొందరు డబ్ల్యూటీలో (వెయిట్), కొందరు సీఎస్‌టీలో చెబుతారు. డబ్ల్యూటీ అంకె కంపెనీని బట్టి మారుతుంది. టీమ్ అసోసియేటెడ్ 30 డబ్ల్యూటీ అంటే 350 సీఎస్‌టీ, ఇంకో కంపెనీ 30 అంతే ఉండాలని లేదు. సీసా మీద సీఎస్‌టీ చూసి కొనండి, ఒకే కంపెనీవి వాడండి. 350 నుంచి 450 మధ్య మొదలుపెట్టవచ్చు. ఎండ పెరిగితే ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి ఒక మెట్టు చిక్కనిది, చలిలో ఒక మెట్టు పల్చనిది.

ఆయిల్ మార్చాలా, స్ప్రింగ్ మార్చాలా అని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. బండి మలుపుల్లో ఎక్కువగా ఒరిగిపోతుంటే స్ప్రింగో యాంటీ రోల్ బారో చూడాలి. జంప్ దిగాక పొట్ట నేలకి కొట్టుకుంటుంటే పిస్టన్, ఆయిల్. దిగాక రెండుమూడుసార్లు ఊగుతుంటే ఆయిల్ పల్చన. చిన్న గతుకుల మీద గడగడలాడుతూ టైరు నేలని వదిలేస్తుంటే ఆయిల్ చిక్కన, లేదా పిస్టన్ రంధ్రాలు చిన్నవి. ముందు స్ప్రింగ్ మెత్తనైతే స్టీరింగ్ పెరుగుతుంది, వెనకది మెత్తనైతే వెనక పట్టు పెరుగుతుంది.

షాక్‌లలో రెండు రకాలు: లోపల రబ్బరు బ్లాడర్ ఉన్నవి, గాలినీ ఆయిల్‌నీ కలిసిపోనిచ్చే ఎమల్షన్ రకం. బ్లాడర్ షాక్ ప్రతిసారీ ఒకేలా పనిచేస్తుంది, కానీ దాన్ని గాలి లేకుండా కట్టడానికి ఓపిక కావాలి. ఎమల్షన్ కట్టడం సులువు, సీలు మీద ఒత్తిడి తక్కువ. అయితే బండి కాసేపు ఊరికే ఉంటే గాలి పైకి చేరుతుంది, మొదటి ల్యాపులో షాక్ వేరేగా అనిపిస్తుంది. లైన్‌లోకి వెళ్లేముందు బండిని చేత్తో పదిసార్లు నొక్కితే సరిపోతుంది. కొత్తవాళ్లకి నా సలహా ఎమల్షనే.

ఏ రకమైనా ఆయిల్ పోశాక పిస్టన్‌ని ఆయిల్ మట్టం దాటనివ్వకుండా నెమ్మదిగా పైకీ కిందికీ కదపండి. బుడగలన్నీ పైకొచ్చేదాకా నిలబెట్టి వదిలేయండి. తొందరపడి మూత బిగిస్తే ఆ బుడగలే ట్రాక్ మీద చప్పుడు చేస్తాయి. స్ప్రింగులు వేయకముందు ఎడమ, కుడి షాక్‌లని పక్కపక్కన పట్టుకుని రెండు రాడ్లనీ ఒకేసారి పూర్తిగా లోపలికి నెట్టి వదలండి. రెండూ ఒకే వేగంతో, ఒకే పొడవు బయటికి రావాలి. ఒకటి వెనకబడితే దాన్ని మళ్లీ విప్పాల్సిందే. రాడ్డు మీద గోరుతో గీసి చూస్తే తగిలే గీత ఉందంటే ఎన్ని ఓ-రింగులు మార్చినా కారడం ఆగదు, రాడ్డే మార్చాలి.

కొలతల గురించి క్లుప్తంగా: రైడ్ హైట్‌ని డ్రైవ్‌షాఫ్ట్‌లు నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టండి, ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరగడం) మైనస్ 1, వెనక మైనస్ 1 నుంచి 2 డిగ్రీలు, వెనక టో-ఇన్ (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) 2 నుంచి 3 డిగ్రీలు, ముందు టో సున్నా లేదా ఒక డిగ్రీ బయటికి. ఇక్కడి నుంచి ఎక్కువ దూరం పోవాల్సి వస్తోందంటే తప్పు వేరేచోట ఉంది, సాధారణంగా టైర్లలో.

గేరింగ్, బ్యాటరీ, మోటార్

మోటార్ మీదుండే చిన్న గేరు, పినియన్‌కి ఒక పన్ను ఎక్కువ వేస్తే టాప్ స్పీడు పెరుగుతుంది, మోటార్ వేడి కూడా పెరుగుతుంది. లెక్క ఇలా. స్పర్ 50 పళ్లు, పినియన్ 15 అనుకుంటే నిష్పత్తి 3.33. లోపలి గేర్ల నిష్పత్తి 2.85 అయితే మొత్తం 9.5, అంటే చక్రం ఒకసారి తిరగాలంటే మోటార్ 9.5 సార్లు తిరగాలి. 4000 కేవీ (లోడు లేకుండా వోల్టుకి నిమిషానికి 4000 చుట్లు) మోటార్ 7.4 వోల్టుల మీద లోడు లేకుండా నిమిషానికి 29,600 సార్లు తిరుగుతుంది. 110 మిల్లీమీటర్ల టైరుతో అది కాగితం మీద గంటకి 64 కిలోమీటర్ల చిల్లర. పినియన్ 13 చేస్తే మొత్తం నిష్పత్తి 11 దగ్గరికి వెళ్లి స్పీడు 56కి తగ్గుతుంది. మలుపులు ఎక్కువున్న రేస్ ట్రాక్ మీద ఆ 56 బండే చాలాసార్లు ముందుంటుంది, ఎందుకంటే 64 కొట్టేంత పొడవైన స్ట్రెయిట్ అక్కడ ఉండదు. పొడవైన స్ట్రెయిట్ చివర్లో మోటార్ అరుపు ఒకే స్థాయిలో చాలాసేపు ఉంటే అప్పుడు ఒక పన్ను పెంచండి.

కొత్త పినియన్ వేశాక అయిదు నిమిషాలు నడిపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మోటార్ చూడండి. 70 డిగ్రీల సెల్సియస్ లోపల ఉంటే నిశ్చింత. 80 దాటితే ఆ రోజుకి ఆపి చిన్న పినియన్ వేయాలి, వేడికి రోటర్ మాగ్నెట్ బలం పోతే అది తిరిగి రాదు. పినియన్, స్పర్ మధ్య సన్నటి కాగితం పట్టీ పెట్టి దగ్గరికి నొక్కి మోటార్ బిగించండి. కాగితం తీశాక స్పర్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి అన్ని చోట్లా కొంచెం ఆట ఉందో లేదో చూడాలి. స్పర్ ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు గుండ్రంగా ఉండదు.

2ఎస్సా, 3ఎస్సా? ఒకే పవర్ కోసం వోల్టేజీ పెరిగితే కరెంటు తగ్గుతుంది. 600 వాట్లు కావాలంటే 7.4 వోల్టుల మీద 81 ఆంపియర్లు, 11.1 మీద 54. కాబట్టి 3ఎస్ చల్లగా నడవాలి, కానీ మోటార్ కేవీ కూడా దానికి తగ్గట్టు తగ్గించినప్పుడే. అదే 4000 కేవీ మోటార్‌కి, అదే గేరింగ్‌తో 3ఎస్ తగిలిస్తే పైన చెప్పిన 64 కాస్తా 96 అవుతుంది, ఆ వేగానికి కావాల్సిన పవర్ లాగడంలో మోటార్ బాగా వేడెక్కుతుంది. 3ఎస్ మీద అదే 64 కావాలంటే 2700 కేవీ దగ్గర మోటార్ చూడాలి. రేసుకైతే చాలాచోట్ల ఈ క్లాసులో 2ఎస్‌కే అనుమతి, పైగా అది తేలిక. కాబట్టి రేసర్లకి ఇది పెద్ద ప్రశ్న కాదు.

సెన్సర్డ్ మోటార్ (రోటర్ ఎక్కడుందో చెప్పే సెన్సర్ ఉన్నది) నెమ్మదిగా బయల్దేరేటప్పుడు, హెయిర్‌పిన్ మలుపుల్లో మెత్తగా ఉంటుంది. సెన్సర్ లేనిది చిన్న థ్రాటిల్‌కి తడబడుతుంది, కానీ వైరు ఒకటి తక్కువ, మట్టీ తడీ తట్టుకుంటుంది. బురద ట్రాక్ అయితే సెన్సర్ లేనిదే నయం. ఇండోర్ ట్రాక్, గ్రిప్ ఎక్కువ ఉంటే సెన్సర్డ్. దీనికోసం ఉన్న మోటార్‌ని పక్కన పడేయాల్సినంత తేడా అయితే లేదు.

లైపోని ఒక్కో సెల్‌కి 4.2 వోల్టులు దాటనివ్వకండి, నడిపేటప్పుడు 3.2 కిందికి దిగనివ్వకండి. ఈఎస్‌సీ (మోటార్ స్పీడు కంట్రోలర్) కటాఫ్ అక్కడ పెట్టండి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ని 5 ఆంపియర్ల మీద, బ్యాలెన్స్ మోడ్‌లో ఛార్జ్ చేయాలి, దగ్గరే ఉండాలి. వారం నడపకపోతే సెల్‌కి 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టాలి. ఉబ్బిన ప్యాక్ గురించి ఇంకో ఆలోచన వద్దు, వాడకం ఆపేయండి.

అల్యూమినియమా, ప్లాస్టిక్కా?

సస్పెన్షన్ ఆర్ములకి ప్లాస్టిక్కే. గట్టి నైలాన్ ఆర్ము దెబ్బ తగిలితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అల్యూమినియం ఆర్ము వంగితే వంగినట్టే ఉంటుంది, వంగకపోతే ఆ దెబ్బని లోపలికి, బల్క్‌హెడ్ దాకా పంపుతుంది. చవకైన ఆర్ము బదులు ఖరీదైన ఛాసిస్ భాగం విరుగుతుంది. అల్యూమినియం పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: మోటార్ మౌంట్ (వేడి లాగుతుంది, గేరు మెష్ కదలదు), వీల్ హెక్స్‌లు, షాక్ మూతలు. సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) హార్న్ అల్యూమినియం పెట్టాలంటే బండిలో వేరే సర్వో సేవర్ (దెబ్బని మింగే స్ప్రింగు భాగం) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చక్రానికి తగిలిన దెబ్బ నేరుగా సర్వో గేర్లకే. సర్వో మెటల్ గేర్లది, 10 కిలోల పైన టార్క్ ఉన్నది తీసుకోవాలి. ఫోర్‌వీల్‌లో ముందు చక్రాలు లాగుతూ తిరుగుతాయి కాబట్టి చిన్న సర్వో మలుపులో చేతులెత్తేస్తుంది.

బేరింగుల్లో రబ్బరు సీలున్నవా, మెటల్ షీల్డువా అని తరచూ అడుగుతుంటారు. చక్రాల దగ్గర రబ్బరు సీలే, అక్కడికే మట్టి చేరుతుంది. మెటల్ షీల్డ్ బేరింగ్ కాస్త స్వేచ్ఛగా తిరుగుతుంది కానీ దుమ్ముని ఆపలేదు. సిరామిక్ బేరింగుల డబ్బుతో రెండు సెట్లు మామూలువి కొని, గరగరమన్నవాటిని మార్చుకుంటూ పోవడం మేలు.

షార్ట్ కోర్స్ బాడీకి మాత్రమే ఉండే ఇంకో జబ్బు: పెద్ద బాడీ జంప్‌లో గాలిని కిందినుంచి పట్టి పారాచూట్‌లా ముక్కు పైకి లేపుతుంది. వెనక పక్కలు, కిటికీలు, వెనక బంపర్ దగ్గర రేస్ నిబంధనలు ఒప్పుకున్నంత మేర కత్తిరించి గాలికి దారి ఇవ్వండి. ఖర్చు లేని ట్యూనింగ్ అంటే ఇదే. గాలిలో ముక్కు లేస్తే బ్రేక్ కొట్టాలి, పడిపోతుంటే థ్రాటిల్ ఇవ్వాలి. సస్పెన్షన్ మార్చే ముందు ఇది అలవాటు చేసుకోండి.

విప్పి కడగాలా, తుడిస్తే చాలా?

పొడి మట్టి ట్రాక్ నుంచి వస్తే బ్రష్షు, గాలి బ్లోయర్ చాలు. నీళ్లు అక్కర్లేదు, అనవసరంగా బేరింగుల్లోకి పోతాయి. బురదైతే కడగక తప్పదు. అప్పుడు చక్రాలు ఊడదీసి, ఎలక్ట్రానిక్స్ వైపు నీటిధార వెళ్లకుండా కడిగి, గాలితో ఊది, హింజ్ పిన్నులు (ఆర్ములు కదిలే కీలు పిన్నులు), డ్రైవ్‌షాఫ్ట్ కీళ్లు ఆరబెట్టాలి. నీటిని తరిమే స్ప్రే స్టీలు భాగాల మీద పనికొస్తుంది, కానీ బేరింగ్‌లో అదే కందెన అనుకోవద్దు. ఆరాక బేరింగ్ ఆయిల్ చుక్క విడిగా వేయాలి. "వాటర్‌ప్రూఫ్" అని పెట్టె మీద రాసిన మాట ఎలక్ట్రానిక్స్ గురించి. బేరింగులకి అది వర్తించదు.

నడిపిన ప్రతిసారీ చూడాల్సినవి: వీల్ నట్లు, మోటార్ స్క్రూలు, స్పర్ పళ్లు, ఆర్ములు స్వేచ్ఛగా తమ బరువుకే కిందికి పడుతున్నాయా లేదా. షాక్ ఒక వైపు విప్పి ఆర్ముని ఎత్తి వదిలితే తెలిసిపోతుంది, మధ్యలో ఆగిందంటే హింజ్ పిన్ను వంగింది. లోహంలోకి లోహం వెళ్లే స్క్రూకి నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేయండి. ప్లాస్టిక్‌లోకి వెళ్లేదానికి వేయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పెళుసెక్కి పగులుతాయి. షాక్ ఆయిల్ నాలుగైదు రేసు రోజులకి, డిఫ్ ఆయిల్ అంతకు రెట్టింపుకి మార్చుకుంటే సరిపోతుంది, బురదలో అంతకన్నా ముందే. డ్రైవ్‌షాఫ్ట్ పిన్నులు సగం అరిగాయనిపించిన రోజే మార్చండి. పిన్ను చిన్న వస్తువే, అది తెగితే పాడయ్యే అవుట్‌డ్రైవ్ కప్పు దానికి చాలా రెట్లు ఖరీదు.

స్పేర్లలో ఏవి దగ్గర ఉంచుకోవాలో తేల్చుకోవడానికి మీ బండి ముందు భాగాన్ని చూడండి. ముందు ఆర్ములు ఒక జత, స్టీరింగ్ బ్లాక్ ఒకటి, హింజ్ పిన్నులు, స్పర్ ఒకటి, పినియన్ ఇప్పుడున్నదానికి ఒక పన్ను అటూ ఇటూ, డ్రైవ్‌షాఫ్ట్ పిన్నులు, ఓ-రింగుల ప్యాకెట్టు. ఇవి లేకుండా రెండో మోటార్ కొనడం అనవసరం. ముందు డిఫ్‌నే ఒకటి అదనంగా, ఆయిల్ నింపి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. ట్రాక్ పక్కన డిఫ్ విప్పి ఆయిల్ పోయడం కన్నా మొత్తం డిఫ్ మార్చడమే త్వరగా అయిపోతుంది.